డి అంటే కుడి, ఎస్ అంటే ఎడమ: ఇటలీ పాత బండ్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1970ల నాటి ఇటలీ మోటారు సైకిళ్ల గురించే: మోటో గుజ్జి, డుకాటి, లావెర్డా, మొరిని. రాసినవాళ్లు చాలామంది విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక్క ఉత్తరం మాత్రం పుట్టుక ఇటలీలో, పెంపకం మన దగ్గర జరిగిన బండి గురించి. ఈ బండ్లు "నమ్మదగినవి కావు" అనే మాట దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఉంది. మేం ఒప్పుకోం. ఫ్యాక్టరీ చెప్పిన కొలతలు నలభై యాభై ఏళ్లలో చేతులు మారి మారి ఎక్కడో తప్పిపోయాయి. వచ్చే ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు అక్కడివే. కింది జవాబులన్నీ ఆ కొలతలను తిరిగి పట్టుకోవడం గురించే.

ప్రశ్న: 1976 నాటి మోటో గుజ్జి 850 టి3 అమ్మకానికి ఉంది. నడిపి చూశాను, బాగానే లాగుతోంది. సిలిండర్లలో క్రోమ్ ఊడుతుందని కొందరు భయపెడుతున్నారు. కొనేముందు ఏం చూడాలి? (లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: ఆ భయం నిజమైనదే. గుజ్జి పెద్ద ట్విన్లకు (రెండు సిలిండర్ల ఇంజిన్లకు) అప్పట్లో అల్యూమినియం సిలిండర్ లోపల ఇనుప లైనర్ వేసేవారు కాదు, బోర్ గోడకే, అంటే పిస్టన్ ఆడే రంధ్రం లోపలి గోడకే, గట్టి క్రోమ్ పూత పూసేవారు. పూత నిలిచినంతకాలం బోర్ అరగదు. బండి ఏళ్ల తరబడి తడిలో నిలబడిపోతే మాత్రం పూత కిందికి తుప్పు చేరి, క్రోమ్ పొలుసులుగా లేస్తుంది. ఆ పొలుసు గాజు పెంకంత గట్టిది. ఆయిల్‌లో కలిసి ఆయిల్ పంపును, కనెక్టింగ్ రాడ్ బేరింగులను గీసేస్తుంది. సిలిండర్ పోవడం చిన్న ఖర్చు, దాంతో క్రాంకు పోవడం పెద్ద ఖర్చు.

కాబట్టి నడిపి చూడటం చాలదు. రెండు ప్లగ్గులూ తీయించి, ఆ రంధ్రం గుండా చిన్న కెమెరా దించి చూడండి. పిస్టన్‌ను అడుక్కి దించి గోడంతా తిప్పి చూడాలి. బాగున్న క్రోమ్ అద్దంలా, కొంచెం నీలి ఛాయతో మెరుస్తుంది. ఊడినచోట అల్యూమినియం మసకగా, బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. అంచు మాత్రం పదునుగా ఉంటుంది, పాత గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు. గోరంత మచ్చ ఉన్నా బేరం ఆ లెక్కతోనే చేయండి. క్రోమ్ బోరును తొలిచి పెద్దది చేయలేరు (రీబోర్ కుదరదు). గుజ్జి సొంత ఊరు మాండెల్లోలోనే ఉన్న గిలార్డోని కంపెనీ నికెల్-సిలికాన్ కార్బైడ్ పూతతో సిలిండరు, పిస్టను జతగా చేస్తుంది, అవి వేయించుకోవాలి. సిలిండరుకూ పిస్టనుకూ ఎ, బి, సి అని సైజు గుర్తులుంటాయి. ఎ సిలిండరుకు ఎ పిస్టనే వేయాలి, కలగలపకూడదు. క్రోమ్ ఊడిన ఇంజిన్ అయితే క్రాంకు పిన్నులో మడ్డి పేరుకునే గది ఒకటుంటుంది, దాని బిరడా విప్పి కడగకుండా కొత్త సిలిండర్లు ఎక్కించొద్దు. ఈ ఒక్క పని వదిలేసి ఇంజిన్ రెండోసారి విప్పినవాళ్లు చాలామంది.

తర్వాత షాఫ్టు. టి3కి గొలుసు లేదు, కుడివైపు స్వింగ్ ఆర్మ్ లోపలే షాఫ్టు తిరుగుతుంది. గేర్‌బాక్సుకూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య రబ్బరు తొడుగు ఉంటుంది, యూనివర్సల్ జాయింటు దాని కిందే. తొడుగు వెనక్కి లాగి చూడండి. అందులో ఆయిల్ నిలిచి ఉంటే గేర్‌బాక్సు వెనుక సీలు పోయినట్టు. ఎర్రటి పొడి ఉంటే జాయింటు బేరింగుల్లో గ్రీజు ఎండిపోయినట్టు. బండిని సెంటర్ స్టాండు మీద వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ప్రతి చుట్టులో ఒకేచోట పట్టి వదిలినట్టు అనిపిస్తే జాయింటు మార్చాలి. అది తిరుగుతూ తిరుగుతూ బిగుసుకుపోతే వెనుక చక్రమే ఆగిపోతుంది. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవద్దు.

కొన్నాక మొదటి రోజే అన్ని ఆయిల్లూ మార్చండి. ఇంజిన్‌కు 20డబ్ల్యూ50 మూడు లీటర్లు, గేర్‌బాక్సుకు 90 నంబరు గేర్ ఆయిల్ 750 మిల్లీలీటర్లు, వెనుక డ్రైవ్‌కు 250. ఆ 250లో 20 మిల్లీలీటర్ల వరకు మాలిబ్డినం కలిపినది ఉండాలన్నది ఫ్యాక్టరీ మాట. టి3కి ఆయిల్ ఫిల్టరు ఉంది, కానీ సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ గిన్నె) లోపల ఉంది. సంపు మొత్తం దించితే తప్ప కనబడదు. అందుకే చాలా బండ్లలో ఆయిల్ మారుతుంది, ఫిల్టరు మారదు. అమ్మేవారిని "ఫిల్టరు ఎప్పుడు మార్చారు?" అని అడగండి. "బయట ఫిల్టరే లేదుగా" అని జవాబొస్తే మిగతా కథ మీకు అర్థమైపోతుంది. ఆయిల్ మట్టం చూసేటప్పుడు డిప్‌స్టిక్కును మర పూర్తిగా బిగించి తీసి చూడాలి. ఊరికే ఆనించి చూస్తే మట్టం తప్పు చెబుతుంది.

ప్రశ్న: మా టి3 స్లోలో ఎడమ కార్బరేటర్ నుంచి తుమ్ముతోంది. స్పీడు పెరిగితే సర్దుకుంటుంది. రెండు కార్బరేటర్లూ విప్పి కడిగాను, మార్పు లేదు. (మ్యూనిక్, జర్మనీ)

జవాబు: ముందు ఇగ్నిషన్ చూడాలి. కార్బరేటర్లది ఆ తర్వాతి వంతు. తుమ్ము కార్బరేటర్ నుంచి వినబడుతోంది కాబట్టి తప్పు దానిదే అనిపిస్తుంది, అంతే.

ఈ బండి డిస్ట్రిబ్యూటర్లో రెండు జతల పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంచే చిన్న స్విచ్చులు) ఉంటాయి, ఒక్కో సిలిండరుకు ఒక జత. కుడిది సరిగ్గా ఉన్నంత మాత్రాన ఎడమది సరిగ్గా ఉందని కాదు. ఫ్లైవీలు మీద డి, ఎస్ అని రెండు అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇటాలియన్ భాషలో దెస్త్రా అంటే కుడి, సినిస్త్రా అంటే ఎడమ. మీరు బండి మీద కూర్చున్నప్పటి కుడి ఎడమలే అవి. ఎస్ అంటే స్టార్టో, స్పార్కో అనుకుని కుడి సిలిండరును ఎస్ గీతకు సెట్ చేసేవాళ్లున్నారు, అలా చేస్తే బండి కదలదు.

పని ఈ వరసలో చేయండి. ట్యాంకు దించండి, చెయ్యి ఆడుతుంది. రెండు ప్లగ్గులూ తీసేయండి. పాయింట్ల ముఖాలు చూడండి. ఒకవైపు గుంట, మరోవైపు మొటిమ ఉంటే ఆకురాయితో రుద్ది సరిపెట్టకుండా కొత్తవి వేయండి, కండెన్సరు కూడా మార్చండి. తర్వాత రెండు జతలకూ గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. ముందు గ్యాప్, ఆపైన టైమింగ్. గ్యాప్ మారితే టైమింగూ జరుగుతుంది కాబట్టి వరస తప్పితే పని రెండోసారి చేయాల్సిందే.

గ్యాప్ అయ్యాక క్లచ్ హౌసింగ్ కుడివైపున్న రబ్బరు బిరడా తీయండి. ఐదో గేరు వేసి వెనుక చక్రాన్ని ముందుకు తిప్పుతూ ఆ కంతలోంచి ఫ్లైవీలు చూడండి. కుడి ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. గాలి వేలిని తోస్తే కంప్రెషన్ దెబ్బ వస్తోందన్నమాట. డి గీత రావడానికి కొంచెం ముందు సన్నటి గీత ఒకటి వస్తుంది, అదే స్టాటిక్ టైమింగ్ గుర్తు. దానికి చాలా ముందు ఇంకో గీత కనిపిస్తే అది ఫుల్ అడ్వాన్సుది, ఈ పనికి దాంతో సంబంధం లేదు. 12 వోల్టుల చిన్న బల్బు ఒక వైరు కుడి పాయింటు టెర్మినల్‌కు, రెండోది ఇంజిన్ బాడీకి తగిలించి తాళం ఆన్ చేయండి. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. సరిగ్గా ఆ గీత దగ్గర వెలిగేలా డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని అటో ఇటో తిప్పి బిగించండి.

ఇప్పుడు ఎడమది. ఇక డిస్ట్రిబ్యూటర్ ఒళ్లు కదపొద్దు, కదిపితే కుడిది పోతుంది. ఎడమ పాయింట్లు కూర్చున్న ప్లేటు స్క్రూలు మాత్రమే వదులు చేసి, ఎస్ గీతకు ముందున్న గుర్తు దగ్గర బల్బు వెలిగేదాకా జరపండి. మీ బండి జబ్బు చాలావరకు ఇక్కడే ఉంటుంది. ఎవరో కుడివైపు శ్రద్ధగా సెట్ చేసి, రెండోది తనంతట తానే కుదురుతుందనుకుని వదిలేసి ఉంటారు.

ఆ తర్వాతే కార్బరేటర్లు. టి3వి డెలోర్టో వీహెచ్‌బీ 30 రకం. ఫ్లోట్ ఎత్తు 24 మిల్లీమీటర్లు, ఐడిల్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదలడం మొదటి మెట్టు. ఇంజిన్ వేడెక్కాక వాక్యూమ్ గేజీలతో రెండింటినీ ముందు స్లోలో, తర్వాత నిమిషానికి 2,500 చుట్ల దగ్గర సమం చేయండి. స్లోలో స్లైడు స్టాప్ స్క్రూలతో, పైన కేబుల్ అడ్జస్టర్లతో. ఇన్నీ చేశాక కూడా రేజ్ ఇచ్చి వదిలితే ఇంజిన్ వేగం దిగడానికి మొరాయిస్తోందా? డిస్ట్రిబ్యూటర్ అడుగున అడ్వాన్స్ బరువులు గ్రీజు గడ్డకట్టి ఇరుక్కున్నాయి. కడిగి ఒక్క చుక్క ఆయిల్ వేయండి.

ప్రశ్న: గుజ్జిలో కొత్త బ్యాటరీ వేసి నెల కాలేదు, డౌనైపోతోంది. ఆల్టర్నేటర్ విడిగా పరీక్షిస్తే బాగుందన్నారు. (మెల్‌బోర్న్)

జవాబు: తాళం ఆన్ చేసి ఇంజిన్ వేయకముందు డాష్ మీద ఎర్ర ఛార్జింగ్ లైటు వెలుగుతోందా చూడండి. ఈ బాష్ ఆల్టర్నేటరులో అయస్కాంతం ఉండదు, తీగచుట్టకు మొదట కాస్త కరెంటు అందాలి. ఆ తొలి కరెంటు వెళ్లేది ఆ చిన్న బల్బు గుండానే. బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలవదు. రూపాయల్లో అయ్యే బల్బు, వేలల్లో అయ్యే అనుమానం! ఎల్ఈడీ వేయొద్దు, దాని గుండా సరిపడా కరెంటు పోదు. పాత బల్బు ఎన్ని వాట్లో అన్నే వాట్లది వేయండి. అప్పటికీ రాకపోతే పింగాణీ ఫ్యూజుల కొసలు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు దాటదు. ఆ పెట్టె తీసేసి ఇప్పటి బ్లేడు ఫ్యూజులు వేయించడం మేం మనస్ఫూర్తిగా సమర్థించే మార్పు.

ప్రశ్న: టి3 బ్రేకు పెడలు ఎంత గాలి తీసినా మెత్తగానే ఉంది. (లెస్టర్ నుంచే ఇంకో పాఠకుడు)

జవాబు: టి3లో పెడలు తొక్కితే వెనుక డిస్కుతో పాటు ముందున్న ఎడమ డిస్కూ పట్టుకుంటుంది. చేతి లీవరు ముందు కుడి డిస్కుకు మాత్రమే. అంటే పెడలు గొట్టం బండి వెనుక నుంచి హ్యాండిల్ దాకా ఎక్కి మళ్లీ దిగుతుంది, ఆ ఎత్తు దగ్గర గాలి కూర్చుంటుంది. గాలి పైకే పోతుంది కాబట్టి బ్లీడ్ నిపుల్ అన్నిటికన్నా పైన ఉండాలి. ఉండకపోతే క్యాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్క ముక్క పెట్టి, నిపుల్ ఆకాశం వైపు తిప్పి గాలి తీయండి. ముందు ఎడమ క్యాలిపర్, తర్వాత వెనుకది, మళ్లీ ముందుది. డాట్ 4 కొత్త సీసా వాడండి. ఒక రాత్రి పెడలును తాడుతో నొక్కిపెట్టి ఉంచితే మిగిలిన బుడగలు కూడా పైకి చేరతాయి.

ప్రశ్న: 1978 డుకాటి 900 ఎస్ఎస్ కొన్నాను. డెస్మో వాల్వులంటే మెకానిక్కులు చెయ్యి పెట్టనంటున్నారు. నేనే నేర్చుకోవచ్చా? (శాన్‌హోసే, కాలిఫోర్నియా)

జవాబు: నేర్చుకోవచ్చు. ఓపిక, మంచి ఫీలర్ గేజి, మైక్రోమీటరు ఉంటే చాలు. ముందు అది ఎలా పనిచేస్తుందో మనసులో బొమ్మ గీసుకోండి.

మామూలు ఇంజిన్లో వాల్వును కామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. స్పీడు బాగా పెరిగితే స్ప్రింగు వెనకబడి వాల్వు గాల్లో తేలుతుంది, 1950ల నాటి స్ప్రింగు ఉక్కు తరచూ విరిగేది కూడా. డుకాటి ఇంజినీరు ఫాబియో తాల్యోని దీనికి విరుగుడుగా మూయడం కూడా కామ్‌కే అప్పగించారు. డెస్మో అంటే అదే. 1956లో స్వీడన్ గ్రాండ్ ప్రీలో 125 సీసీ రేసు బండితో అది మొదటి పరుగులోనే గెలిచింది. 1968కి రోడ్డు బండ్లలోకి వచ్చింది. మీ బండిలో ఒక్కో వాల్వుకు రెండు రాకర్లు (కామ్ కదలికను వాల్వుకు అందించే మీటలు), రెండు షిమ్‌లు (సందును సరిచేసే చిన్న బిళ్లలు). పై షిమ్ వాల్వు తల మీద టోపీలా కూర్చుంటుంది, తెరిచే రాకరు దాన్ని తోస్తుంది. కింది షిమ్ కాలరులా ఉంటుంది. దాన్ని వాల్వు కాడ గాడిలో కూర్చున్న రెండు సన్నటి అర్ధ ఉంగరాలు పట్టి ఉంచుతాయి, మూసే రాకరు దాన్ని పైకి లాగుతుంది. మొత్తం నాలుగు వాల్వులు, ఎనిమిది షిమ్‌లు. చిన్న స్ప్రింగు ఒకటి కనిపిస్తుంది, అది స్టార్టింగులో వాల్వును ఆనించి ఉంచడానికే.

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, ఒక రాత్రి నిలబెట్టింది అయితే మేలు. ఆ సిలిండరు కంప్రెషన్ పైమెట్టు మీద (పిస్టను పూర్తిగా పైకొచ్చి) ఉండగా తెరిచే రాకరుకూ పై షిమ్‌కూ మధ్య ఫీలరు పెట్టి కొలవండి. 0.12 వచ్చిందనుకుందాం. ఇప్పుడు మూసే రాకరును స్క్రూడ్రైవరుతో స్ప్రింగుకు ఎదురుగా, కామ్ తగిలి ఆగేదాకా కిందికి నొక్కి పట్టుకోండి. వాల్వును కూడా వేలితో దించి ఆ రాకరు మీద కూర్చోబెట్టండి. అలాగే పట్టుకుని పైన మళ్లీ కొలవండి. ఈసారి 0.17 వస్తే తేడా 0.05. అదే మూసే వైపు సందు, అదే హద్దు కూడా. తెరిచే వైపు 0.10 చుట్టుపక్కల ఉంటే మంచిది. మూసే వైపు సున్నాకు దగ్గరగా, వేళ్లతో తిప్పితే కింది షిమ్ ఏ పట్టూ లేకుండా తిరిగేంత ఉండాలి. తిరగకపోతే బిగువు ఎక్కువైంది, కామ్ అరుగుతుంది.

మూసే వైపు సందు పెరిగితే ఏమవుతుందో తెలుసుకుని ఉండండి. ప్రతి మూతకూ కాలరు వచ్చి ఆ అర్ధ ఉంగరాలను సుత్తిలా కొడుతుంది. అవి నలిగి, చివరికి విరిగితే వాల్వు పిస్టను మీద పడుతుంది. అందుకే ఉంగరాలను ప్రతిసారీ భూతద్దంతో చూడాలి. గుండ్రటి తీగ చదునైపోయి ఉంటే కొత్తవి వేయాలి. కొత్త ఉంగరాలు గాడిలో కుదురుకునేటప్పుడు కొలత మారుతుంది. కాబట్టి వేసిన 1,000 కిలోమీటర్లకు తప్పనిసరిగా మళ్లీ కొలవండి. కుదురుకున్నాక మాత్రం ఈ సందులు త్వరగా మారవు.

షిమ్ మందంగా ఉంటే నూనెరాయి మీద రుద్ది తగ్గించవచ్చు. గాజు పలక మీద 600 నంబరు నీటి కాగితం పరిచి, ఎనిమిది ఆకారంలో రుద్దుతూ, పది రుద్దులకోసారి మైక్రోమీటరుతో చూడండి. ఒక పక్క ఎక్కువ అరిగితే ఆ షిమ్ పనికిరాదు. ఉంగరాలు తీసేముందు కవరు అడుగున ఆయిల్ దిగే రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. గోరంత ఉంగరం జారి క్రాంకుకేసులో పడితే ఇంజిన్ దించడం తప్ప దారి లేదు.

కామ్‌ను తిప్పడానికి పైకి వెళ్లే బెవెల్ (ఏటవాలు పళ్ల) గేర్లను మాత్రం ముట్టుకోవద్దు. వాటి పళ్ల కలయికను షిమ్‌లతో పెట్టే పని వేరు, అది అనుభవజ్ఞుల చేతిది.

ప్రశ్న: ట్యాంకు పెయింటు మూత దగ్గర బుడగలు తేలుతోంది, కార్బరేటర్లలో జిగురు. ఇథనాల్ వల్లేనా? (న్యూజెర్సీ, 1974 డుకాటి 750 సూపర్ స్పోర్ట్)

జవాబు: అవును. ఆ బండి ట్యాంకు ఫైబర్‌గ్లాసు. అప్పటి పాలియెస్టర్ రెజిన్‌ను పెట్రోలులో కలిపే ఇథనాల్ మెల్లగా కరిగిస్తుంది. కరిగింది స్లైడ్లకూ ఇన్‌టేక్ వాల్వు కాడలకూ బెల్లం పాకంలా అంటుకుంటుంది. వాల్వు పట్టేసి వంగిన ఉదాహరణలూ ఉన్నాయి, కాబట్టి ఈ వారమే పెట్రోలు ఖాళీ చేయండి. అసలు ట్యాంకును గోడకు భద్రంగా పెట్టి, రోడ్డు మీదికి అల్యూమినియం నకలు వాడటం అన్నిటికన్నా మంచి మార్గం. ఆ ట్యాంకు విలువ మీకు తెలిసిందే. లోపల పూత పూయించాలంటే ఇథనాల్‌ను తట్టుకునే ఎపాక్సీయే కావాలి. పాత పూత మీద కొత్తది నిలవదు.

మన దేశంలో ఇలాంటి బండ్లున్నవారికీ ఇదే మాట, ఇక్కడ ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇనుప ట్యాంకు కరగదు గాని, ఇథనాల్ నీటిని పీల్చుకోవడంతో అడుగున తుప్పు పడుతుంది. రబ్బరు గొట్టాలు మెత్తబడి ఉబ్బుతాయి, వాటిని ఇథనాల్‌కు ఆగే రకానికి మార్చండి. ఈ పెట్రోలుకు గాలి తక్కువ సరిపోతుంది. అంటే పాత జెట్లతో మిశ్రమం 7, 8 శాతం పలచబడుతుంది. మెయిన్ జెట్టు ఒకటి రెండు నంబర్లు పెంచి, ప్లగ్గు రంగు చూసుకోండి. తెల్లగా ఉంటే ఇంకా పలచనే, ఇటుక గోధుమరంగు రావాలి. మూడు వారాలకు మించి బండి తీయకపోతే ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయండి.

ప్రశ్న: డుకాటి 750 జీటీకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అలవాటవుతుందా? (టొరంటో)

జవాబు: పాత బుల్లెట్టు నడిపినవారికి గంటలో అలవాటవుతుంది. అదే వైపు, మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఒక గేరు ఎక్కువ, అంతే. ప్రమాదం గేర్లు మార్చడంలో లేదు. ఎవరైనా ఒక్కసారిగా అడ్డొచ్చినప్పుడు కుడికాలు బ్రేకనుకుని గేరు తొక్కుతుంది, అక్కడుంది. మొదటి వారం ఖాళీ స్థలంలో అత్యవసర బ్రేకు ఒక్కటే సాధన చేయండి. ముందు బ్రేకును నమ్ముకోండి. ఒకే రోజు రెండు రకాల బండ్లూ మార్చి మార్చి నడపొద్దు.

ప్రశ్న: మొరిని 3½ క్లచ్ జారుతోంది. ప్లేట్లు కొత్తవే. (బర్మింగ్‌హామ్)

జవాబు: మొరిని క్లచ్ పొడిది, ఆయిల్‌లో మునగదు. కొత్త ప్లేట్లు జారుతున్నాయంటే ఆయిల్ తగులుతోందన్నమాట. ప్లేట్లు మార్చి సీలు మార్చకపోవడం మామూలు పొరపాటు. సీళ్లు వేసి, ప్లేట్లను బ్రేక్ క్లీనరుతో కడిగి ఆరబెట్టండి. నూనె లోపలిదాకా పీల్చినవాటిని ఆశ వదిలేయండి.

1973లో వచ్చిన ఈ 344 సీసీ బండి మీద మాకు ప్రత్యేకమైన ఇష్టం. ఫ్రాంకో లాంబెర్తీని గీసిన 72 డిగ్రీల వీ ఇంజిన్, ఆరు గేర్లు, హెడ్డు అడుగు బల్లపరుపు, మంట మండే గిన్నె పిస్టన్‌లోనే. కామ్‌ను పళ్ల బెల్టు తిప్పుతుంది. ఆ బెల్టు వయసు తెలియకపోతే ఇప్పుడే మార్చండి. ఇగ్నిషన్‌కు బ్యాటరీతో పని లేదు, బ్యాటరీ చచ్చినా కిక్కుకు స్టార్టవుతుంది. అలా ఇంటికి చేరుకోవచ్చు.

ప్రశ్న: లావెర్డా 1000లో సెల్ఫ్ నొక్కితే మోటారు తిరుగుతుంది, ఇంజిన్ తిరగదు. (పెర్త్)

జవాబు: ఒకవైపే పట్టే స్ప్రాగ్ క్లచ్ జారుతోంది. దాన్ని చంపేది నీరసించిన బ్యాటరీ. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ పైమెట్టు దాటకముందే మండి వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ నేరుగా స్ప్రాగ్ మీద పడుతుంది. స్ప్రాగ్ మార్చడంతో పాటు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు, సెల్ఫ్ నొక్కినప్పుడు 10కి తగ్గకుండా ఉండేలా చూడండి. ఎర్త్ తీగ మందంది వేయండి. 1982కి ముందు త్రిపుల్ (మూడు సిలిండర్ల బండి) అయితే 180 డిగ్రీల క్రాంకు, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటి కొట్టనట్టు వినబడుతుంది. అది జబ్బు కాదు.

ప్రశ్న: నాన్నగారి ఆల్విన్ పుష్పక్ స్కూటరు పన్నెండేళ్లుగా షెడ్డులో ఉంది, కిక్కు దిగడం లేదు. ఇది కూడా ఇటలీ బండేనా? (సనత్‌నగర్, హైదరాబాద్)

జవాబు: రక్తం ఇటలీదే. మిలాన్‌లోని లాంబ్రాతేలో ఇన్నొచెంతి కంపెనీ 1947 నుంచి చేసిన లాంబ్రెటా స్కూటర్ల తయారీ యంత్రాలు 1970ల మొదట్లో లక్నోలోని స్కూటర్స్ ఇండియాకు వచ్చాయి. విజయ్ సూపర్, మన ఆల్విన్ పుష్పక్ ఆ కుదురువే. కాబట్టి లాంబ్రెటా జీపీ 150 ఇంజిన్ సామాన్లు చాలావరకు సరిపోతాయి.

కిక్కు మీద నిలబడొద్దు. ప్లగ్గు తీసి, 2టీ ఆయిల్, డీజిల్ సమంగా కలిపి 20 మిల్లీలీటర్లు పోసి మూడు రోజులు వదలండి. ఫ్లైవీలును చేత్తో అటూ ఇటూ ఊపండి. నాలుగోరోజు కదలకపోతే హెడ్డు విప్పండి. కదిలితే గుడ్డతో ఆయిల్ పీల్చేసి ఫ్లైవీలు తీయండి. దాని పుల్లరు మర ఎడమది, మామూలు దిక్కున తిప్పితే మర పోతుంది. పాయింట్ల గ్యాప్ 0.4. రెండు క్రాంకు సీళ్లూ కళ్లు మూసుకుని మార్చండి, పన్నెండేళ్లకు రబ్బరు గట్టిపడిపోతుంది. డ్రైవ్ వైపు సీలు పోతే ఇంజిన్ గేరు ఆయిల్ తాగి తెల్లపొగ వదులుతుంది. గేరు ఆయిల్ 90 నంబరు 700 మిల్లీలీటర్లు. పెట్రోలు లీటరుకు 2టీ ఆయిల్ 40 మిల్లీలీటర్లు.

చివరగా చక్రాలు. వెనుక హబ్ కోను ఆకారపు షాఫ్టు మీద కూర్చుంటుంది. కోను రెండు వైపులా గ్రీజు లేకుండా పొడిగా తుడిచి, నట్టు పొడవాటి రాడ్డుతో బాగా బిగించి, 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. వదులుగా తిరిగితే లోపలి పళ్లు తెగిపోతాయి. పంక్చరు వేయించేటప్పుడు రిమ్ము రెండు సగాలను కలిపే నట్లు విప్పేముందు గాలి మొత్తం తీసేయించండి. గాలి ఉండగా విప్పితే ఆ సగం ఎగిరి ముఖానికి తగులుతుంది. షాపు కుర్రాడికి ఈ మాట మీరే చెప్పి, వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయిందని చూసుకున్నాకే పానా అందివ్వండి.